ఇంటిపేరు ఉల్లికోడు

ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని మనవాళ్ళు ఒక సామెత చెబుతూ ఉంటారు. బాగానే ఉంది. కానీ దాన్ని తిరగేసిన సామెత కూడా ఒకటి ఉండాలి గదా! ఇంటిపేరు చూస్తే గబ్బిలం, ఇంట్లో మాత్రం కస్తూరి. అలాంటివాళ్ళు లోకంలో లేరా? బోలెడుమంది ఉన్నారు. వాళ్ళ కోసం సామెత కట్టాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

అలాంటి ఒక ప్రాణి తరఫున ఇవాళ నేను వకాల్తా పుచ్చుకున్నాను. అది మనిషి కాదు, పురుగు. "అయ్యో రామ! కూచుని కూచుని పురుగుల గోలేమిటమ్మా!" అని పేజీ తిప్పెయ్యకండి. వంకాయ తరిగేటప్పుడు మనం రోజూ చూసే మొహాలే గదా!

అసలు నా పోట్లాట పురుగులతో కాదు. ఆకు మీద ఏదో ఒక పురుగు కనిపించగానే, ఆ ఆకుకి వచ్చిన రోగానికంతటికీ అదే కారణమని అక్కడికక్కడే తీర్పు చెప్పి, చేతికందిన మందు గుప్పించేసే పెద్దమనుషులతో. వీళ్ళలో మగవాళ్ళూ ఉన్నారు, మనవాళ్ళూ ఉన్నారు. చదువుకున్నవాళ్ళే ఎక్కువ ఉన్నారు.

ముందు ఇంటిపేరు సంగతి చెబుతాను. వరిపొలం గట్ల మీద తిరిగి పెరిగినవాళ్ళకి ఉల్లికోడు అంటే వేరే చెప్పనక్కరలేదు. చూడ్డానికి చిన్న దోమలాంటి ఈగ. ఆడ ఈగ వరిపైరు మీద గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు పిలక లోపలికి దూరి, సరిగ్గా ఎదిగే మొన దగ్గర తిష్ఠ వేస్తుంది. ఇక అక్కణ్ణించి ఆకుగా విచ్చుకోవలసిన పిలక విచ్చుకోదు. ఉల్లికాడలాగా గుండ్రంగా, బోలుగా, పాలిపోయి పొడుగు సాగుతుంది. ఆ పిలకకి వెన్ను రాదు. వెన్ను లేకపోతే గింజ లేదు. వరంగల్లు, కరీంనగరం వైపు రైతులు దీనితో పడిన అగచాట్లు ఇన్నీ అన్నీ కావు. దాన్ని తట్టుకునే వరి వంగడాల కోసం శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి కృషి చేశారు. సురేఖ, కావ్య, ఫల్గుణ అలా వచ్చినవే. (ముందు నిలబడి దెబ్బ కాచుకోమన్నప్పుడు మాత్రం మనవాళ్ళకి ఆడపిల్లల పేర్లు భలే గుర్తొస్తాయి లెండి!)

ఈ ఉల్లికోడు పుట్టిన వంశాన్ని ఇంగ్లీషువాళ్ళు గాల్ మిడ్జ్‌లంటారు. గాల్ అంటే చెట్టు ఒంటి మీద లేచే బుడిపె. పేరు పెట్టి పుస్తకాలకెక్కించినవే 6,000 జాతులకు పైగా ఉన్నాయి ఆ వంశంలో. జొన్నకంకిలో గింజ కట్టకుండా చేసేది ఒకటి, నువ్వుకాయని గుల్ల చేసేది ఇంకొకటి, మామిడిపూత మీద పడేవి కొన్ని. అంతదాకా ఎందుకు, మల్లెమొగ్గలోకి దూరి, మొగ్గ ఊదారంగు తిరిగి విచ్చుకోకుండానే రాలిపోయేట్టు చేసే మహాతల్లి కూడా ఈ ఇంటి ఆడపడుచే. మల్లెమొగ్గ జోలికి వచ్చిన వంశాన్ని మనలో ఎవరు క్షమిస్తారు చెప్పండి!

సరే, ఇంటిపేరు మీద ఇంత మచ్చ ఉన్నమాట నిజమే. నేను కాదనను. ఇప్పుడు కస్తూరి సంగతి వినండి.

తుప్పు తెగులు మీరు చూసే ఉంటారు. చిక్కుడాకుని తిరగేసి చూస్తే ఇటికపొడి చల్లినట్టు చిన్న చిన్న పొక్కులు కనిపిస్తాయి. వేలితో రాస్తే వేలికి పొడి అంటుకుంటుంది. రైతులు దీన్నే కుంకుమ తెగులని కూడా అంటారు. రోగానికి ఎంత మంగళకరమైన పేరో చూడండి! ఇది పురుగు వల్ల వచ్చేది కాదు. ఇదొక శిలీంధ్రం, అంటే పచ్చడి జాడీలో పట్టే బూజుకి దూరపు చుట్టం. ఆకు లోపల సన్నటి దారాలు అల్లుకుని, ఆకు తన కోసం వండుకున్న అన్నమంతా ఇది తినేసి, బలిసి, చివరికి ఆకు చర్మాన్ని చీల్చుకుని ఈ పొడిని బయటికి వదులుతుంది. ఆ పొడిలో ప్రతి రేణువూ ఒక విత్తనం. సిద్ధబీజాలని స్కూల్లో చదివే ఉంటారు. వేలకు వేలు. గాలి వీచిందంటే పక్క ఆకు మీదికి పోతాయి. ఆకు మీద కాసేపు తడి నిలిచిందంటే మొలకెత్తి లోపలికి దూరతాయి. ఒక ఆకుతో మొదలైంది పది రోజులు తిరిగేసరికి పందిరంతా పాకుతుంది.

ఇదిగో, ఈ పొడిని తిని బతికే పురుగు ఒకటుంది. అది సాక్షాత్తూ ఉల్లికోడు వంశంలోదే! దాని శాఖకి మైకోడిప్లోసిస్ అని పేరు. 1895లో ర్యూబ్జామెన్ అనే జర్మన్ పండితుడు ఈ పేరు పెట్టాడు. 'మైకో' అన్నమాటకి అర్థమే శిలీంధ్రం. ఈ శాఖలో పిల్లపురుగులు ఆకు కొరకవు, కాండం తొలవవు, మొగ్గ ముట్టవు. తల్లి ఈగ వెతుక్కుంటూ వెళ్ళి తెగులు పట్టిన ఆకు మీదే గుడ్లు పెడుతుంది. గుడ్లోంచి వచ్చిన పిల్లలు ఆ పొక్కుల్లోకి మూతి పెట్టి పొడిని ఖాళీ చేస్తాయి. వీటిలో తుప్పు తినేవి ఎక్కువ, కొన్ని బూడిద తెగులుని తినేవి. అమెరికా పరిశోధకులు కొందరు రకరకాల తుప్పు తెగుళ్ళ నమూనాలు వెతికి చూసి, ఈ పిల్లపురుగులు అరుదేమీ కాదనీ, తరచుగానే కనిపిస్తాయనీ, లోకంలో చాలాచోట్ల ఉన్నాయనీ 2011లో ప్రకటించారు. అంటే ఎక్కడో అడవుల్లో దాక్కున్న వింత జంతువేమీ కాదన్నమాట. మనం చూడలేదు, అంతే.

చూసినా గుర్తుపట్టం. ఎందుకంటే ఆ పిల్లపురుగు పొడుగు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. కాళ్ళుండవు. రంగు పసుపూ నారింజా కలిసిన రంగు. తుప్పు రంగులో తుప్పు రంగు పురుగు! తెగులే కదిలి నడుస్తున్నట్టు ఉంటుంది. అదిగో, దాని కొంప ముంచింది ఆ రంగే.

మా మిద్దె మీద పక్కవాటా పిన్నిగారు చిక్కుడు పాదు పెట్టారు. పందిరి వేసి, రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకెళ్ళి దానితో కబుర్లు చెప్పి వచ్చేవారు. వానలు పట్టాక దానికి తుప్పు వచ్చింది. ఒకరోజు నన్ను గాభరాగా కేకేశారు.

"చూశావుటే అమ్మాయ్! ఈ ఎర్రపురుగులే నా పాదుని నాశనం చేసిపెట్టాయి!"

చూశాను. భూతద్దం పెట్టి మరీ చూశాను. పొక్కుకొకటి చొప్పున బుద్ధిగా బంతిలో కూచుని భోంచేస్తున్నాయి. కొన్ని పొక్కులు అప్పటికే తుడిచిపెట్టినట్టు ఖాళీ అయినాయి.

"పిన్నిగారూ, ఈ పురుగులు ఎప్పట్నుంచి కనిపిస్తున్నాయి?" అన్నాను.

"నిన్నో, మొన్నో."

"మరి ఈ ఎర్రపొడి?"

"అది పదిహేను రోజుల్నించీ ఉంది."

"మరైతే పొడి ముందొచ్చింది, పురుగు తరవాతొచ్చింది గదండీ!"

"ఆ లెక్కలన్నీ నాకెందుకే? పురుగన్నాక పురుగే!" అన్నారు ఆవిడ.

ఆ సాయంత్రం వాళ్ళబ్బాయి దుకాణానికి వెళ్ళాడు. దుకాణం ఆయన "పురుగులున్నాయా?" అని ఒకే ఒక ప్రశ్న వేశాట్ట. ఉన్నాయనగానే ఒక సీసా తీసి ఇచ్చాట్ట. ఏ మొక్క అని అడగలేదు, ఆకు తెచ్చావా అని అడగలేదు, తినే కాయలా పూలమొక్కా అని కూడా అడగలేదు. అది పురుగుమందు. పురుగుమందు పురుగుని చంపుతుంది. శిలీంధ్రాన్ని ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు. తలనొప్పికి కంట్లో చుక్కలు వేసుకున్నట్టు! మర్నాటికి పురుగులన్నీ నల్లబడి ఎండిపోయాయి. తుప్పు మాత్రం నిక్షేపంగా ఉంది. తినేవాళ్ళు లేరు గదా, ఇంకా హాయిగా పాకింది. సీసా మీద, మందు కొట్టాక కోతకి ఎన్ని రోజులు ఆగాలో చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. ఆ అక్షరాలు చదవడానికి పిన్నిగారి కళ్ళజోడు చాల్లేదు. మూడోనాడు కాయలు కోసి కూర వండారు. వాళ్ళ మనవడికి చిక్కుడుకాయ కూరంటే ప్రాణం.

ఇది పురుగుకి జరిగిన అన్యాయం గురించి మాత్రమే అయితే నేను కలం పట్టేదాన్ని కాదేమో. ఆ పిల్లవాడి కంచం సంగతి కూడా ఉంది కనకనే ఇంత గొంతు చించుకుంటున్నాను.

అయినా ఈ తీర్పు చెప్పే పద్ధతి మనకి కొత్తా? రోగం ముందొచ్చింది, పురుగు తరవాతొచ్చింది, నింద పురుగు మీద పడింది. ఇదెక్కడో విన్నట్టు లేదూ? కొత్తకోడలు గడపలో అడుగుపెట్టిన నెలకి మామగారి వ్యాపారం దివాలా తీస్తుంది. ఆ వ్యాపారం మూడేళ్ళ నించి అప్పుల్లో మునిగి ఉందని ఊరందరికీ తెలుసు. అయినా "ఆ పిల్ల అడుగుపెట్టిన వేళ" అంటారు. ఆ పిల్ల ఒంటిమీద నగలు తీసి ఇచ్చి అప్పు తీరుస్తున్నా అంటారు. మనలో ఎంతమంది ఆ మాట పడలేదు? పడినవాళ్ళమే మళ్ళీ మిద్దె మీదికెక్కి పురుగుకి అదే తీర్పు చెబుతున్నామంటే నాకు నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

పెద్ద చదువులవాళ్ళేమైనా తక్కువ తిన్నారా? వ్యవసాయం గురించి నేను చూసిన కరపత్రాల్లో అన్నిటిలోనూ రెండు గదులుంటాయి. ఒక గదిలో చీడలు, ఇంకో గదిలో తెగుళ్ళు. చీడల గదిలో ఈ మధ్య కొంచెం వెలుతురు వచ్చింది. శత్రుపురుగులతో పాటు మిత్రపురుగుల బొమ్మలు కూడా వేస్తున్నారు. అక్షింతల పురుగు, సాలీడు, గొల్లభామ, అన్నీ ఉంటాయి. సంతోషమే. తెగుళ్ళ గదిలోకి వెళ్ళండి. అక్కడ మందు పేరు, లీటరు నీటికి ఎన్ని గ్రాములు, అంతే. రోగానికి కూడా తినేవాళ్ళుంటారనీ, అందులో పురుగులు కూడా ఉంటాయనీ ఒక్క ముక్క ఉండదు. ఇక రైతు భార్యకి గాని, మిద్దెతోట పెట్టుకున్న గుమాస్తా భార్యకి గాని ఎలా తెలుస్తుంది?

పేరు సంగతి ఇంకా ఘోరం. వరిని తినే ఈగకి ఉల్లికోడు అని ముచ్చటైన తెలుగు పేరుంది. వరిరోగాన్ని కాకపోయినా ఇంకో మొక్క రోగాన్ని తినే దాని పిన్నికూతురికి నేను చూసిన ఏ తెలుగు పుస్తకంలోనూ పేరు లేదు. దొంగల పేర్లన్నీ నోటికొచ్చు గాని, రాత్రంతా వీధిలో కర్ర కొట్టుకుంటూ తిరిగే గూర్ఖా పేరు మనలో ఎందరికి తెలుసు? నెలకోసారి డబ్బుల కోసం తలుపు తట్టినప్పుడు "ఎవరూ?" అంటాం.

ఈ వంశంలోనే ఇంకొన్ని శాఖలున్నాయి. ఒకటి పేనుబంకని తింటుంది. ఒకటి ఎర్రనల్లిని తింటుంది. యూరప్‌లో గాజుపందిళ్ళ కింద కూరగాయలు పండించేవాళ్ళు వాటిని డబ్బిచ్చి కొనుక్కుని తెచ్చి వదులుకుంటారు. అవి పెంచి అమ్మే కంపెనీలున్నాయి. అక్కడ డబ్బు పోసి కొనుక్కునే ఇంటిపేరుని ఇక్కడ మనం డబ్బు పోసి చంపుకుంటున్నాం.

ఇప్పుడు కాఫీ సంగతి చెబుతాను. కాఫీ లేకుండా మనకి తెల్లవారదు గనక ఇది మీరు వినితీరాలి. కాఫీచెట్టుకి ప్రాణాంతకమైన జబ్బు కూడా తుప్పే. 1869లో సింహళంలో, అంటే ఇవాళ్టి శ్రీలంకలో, కాఫీతోటల్లో అది బయటపడింది. కొండలకి కొండలే నరికి, ఒక్క కాఫీ తప్ప మరో మొక్క లేకుండా నాటిన తోటలవి. ఒక ఆకు నించి ఇంకో ఆకుకి, ఒక కొండ నించి ఇంకో కొండకి అడ్డేమిటి? మార్షల్ వార్డ్ అనే యువ శాస్త్రవేత్త 1880లో వెళ్ళి రెండేళ్ళు అక్కడే ఉండి, ఆ శిలీంధ్రం బతుకు ఎలా సాగుతుందో విప్పి చెప్పాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. రెండు దశాబ్దాలు తిరక్కుండా సింహళం కాఫీ తుడిచిపెట్టుకుపోయింది. ఆ కొండల మీదికి తేయాకు వచ్చింది.

ఆ తుప్పు ఇప్పుడు కాఫీ పండే దేశాలన్నిటికీ పాకింది. 2012, 2013లలో మధ్య అమెరికా కాఫీరైతులని మళ్ళీ కుంగదీసింది. మెక్సికోలో చియాపాస్ అనే కొండసీమ ఉంది. అక్కడ చెట్ల నీడన, రసాయనాలు లేకుండా పెంచే కాఫీతోటలో ఐవెట్ పెర్ఫెక్టో అనే శాస్త్రజ్ఞురాలు, జాన్ వాండర్‌మీర్ అనే ఆయన ఏళ్ళ తరబడి చెట్టు చెట్టూ లెక్కపెట్టుకుంటూ తిరిగారు. ఆవిడ పోర్టోరికోలో పుట్టిన మనిషి. ఇద్దరూ మిచిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసినవాళ్ళు. వాళ్ళు చూసింది వింటే మన ఉమ్మడి కుటుంబాల గొడవలు గుర్తొస్తాయి. కాఫీచెట్టు మీద పచ్చటి పొలుసుపురుగు ఉంటుంది. అది చెట్టు రసం తాగే శత్రువు. దాని ఒంట్లోంచి కారే తీపి కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. చూడగానే మనమేమంటాం? చీమల్ని చంపు, పొలుసుపురుగుని చంపు అంటాం. కానీ ఆ పొలుసుపురుగులు గుంపుగా పెరిగినచోట వాటికి ఒక తెల్లబూజు పడుతుంది. ఆ తెల్లబూజే కాఫీతుప్పు మీదికి కూడా ఎక్కి దాన్ని తింటుంది! అంటే పొలుసుపురుగుని పూర్తిగా తుడిచేస్తే తెల్లబూజుకి కూచునే పీట లేదు. తెల్లబూజు లేకపోతే తుప్పుకి అడ్డులేదు. ఇక ఆ తుప్పు పొక్కుల మీదే మన మైకోడిప్లోసిస్ పిల్లలు కూడా బంతికి కూచుంటాయి. మెక్సికో తోటల్లోనూ, పోర్టోరికో తోటల్లోనూ చూసి రాశారు వాళ్ళ బృందంవారు.

మన అరకు, పాడేరు, చింతపల్లి మన్యాల్లో గిరిజన రైతులు కాఫీ పెంచేది కూడా నీడ కిందే. పైన సిల్వరోక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకే మిరియపు తీగలు, కింద కాఫీ. అరకు లోయ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అరబికా అన్నాక తుప్పుగండం ఎక్కడైనా ఉన్నదే. ఆ తోటల్లో పళ్ళు ఏరేది ఎక్కువగా ఆడవాళ్ళు. ఆకు వెనక ఏమేం తిరుగుతున్నాయో వాళ్ళ కళ్ళకి కనిపించినంత ఇంకెవరికి కనిపిస్తుంది? వాళ్ళని కూచోబెట్టి అడిగి రాసుకోవలసిన పుస్తకం ఇది. నాకు అధికారం ఉంటే రేపే ఆ పని మొదలెట్టిస్తాను.

మా బాబాయిగారొకాయన వ్యవసాయశాఖలో చేసి రిటైరయ్యారు. ఈ వ్యాసం రాస్తున్నానని తెలిసి నవ్వారు.

"అమ్మాయీ, నువ్వు చెప్పేది అబద్ధం కాదు. కానీ ఆ పురుగు తినేదెంత, ఆ తెగులు కక్కేదెంత? పొడి తిన్నంత మాత్రాన ఆకు లోపల ఉన్న జబ్బు పోతుందా? ఇల్లు కాలాక వచ్చిన ఫైరింజనుకి హారతి పడతానంటావే!"

బాబాయిగారి మాటలో సత్తువ ఉంది. ఆకు లోపలి దారాల్ని పురుగు తినదు. తెగులు వచ్చాకే అది వస్తుంది, ముందు రాదు. దాని ఒంటికి నాలుగు రేణువులు అంటుకుని పక్క ఆకుకి పోవచ్చు కూడాను. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ నేనడిగేది వేరు. ఒక్క పురుగుతో తెగులు ఆగిపోవాలని ఎవరన్నారు? నాలుగు చేతులు పడితేనే పెళ్ళివంట అవుతుంది. పొక్కులోంచి ఎగరవలసిన పొడిలో కొంత ఎగరకుండా పురుగు కడుపులోకి పోతే, పక్క ఆకుకి ఆ మేరకు తగ్గినట్టే గదా! గాలికీ వానచినుక్కీ పొడి మోసే స్వేచ్ఛ ఉన్నచోట, తింటూ తింటూ నాలుగు రేణువులు ఒలకబోసిన దాన్ని మాత్రం బోను ఎక్కించడమెందుకు? ఇక ఫైరింజను సంగతి. ఆలస్యంగా వచ్చిందని ఫైరింజనుని తగలబెట్టేవాళ్ళు ఎక్కడైనా ఉన్నారా బాబాయిగారూ? పురుగుమందు కొట్టినవాళ్ళు చేసేది అదే గదా!

ఆయన "నీతో వాదన మీ బాబాయి వల్ల కాదు" అని పేపరు తీసుకున్నారు. ఓడిపోయానని మాత్రం అనలేదు. మగవాళ్ళు అనరు.

పిల్లపురుగు మరీ చిన్నది, మాకెలా కనబడుతుంది అనేవాళ్ళకి ఇంకో సాక్షిని చూపిస్తాను. బీర, గుమ్మడి, దోస పాదుల మీద వానలు వెనకపట్టాక తెల్లటి బూడిద చల్లినట్టు తెగులు వస్తుంది చూడండి, ఆ ఆకుల మీద చిన్న పసుపుపచ్చ పురుగు ఒకటి తిరుగుతూ ఉంటుంది. అక్షింతల పురుగు జాతిదే, కానీ వీపు మీద చుక్కలుండవు. మెడ దగ్గర తెల్లగా ఉండి, అక్కడ మాత్రం రెండు నల్లచుక్కలు. దాన్ని ఇల్లీస్ అంటారు. పెద్దదీ, దాని పిల్లలూ కూడా ఆ బూడిదనే నాకి తింటాయి. మల్బరీ తోటల్లో, పట్టుపురుగుల కోసం ఆకు పెంచేచోట, దీని మీద మనదేశంలోనే పరిశోధనలు జరిగాయి. దీన్ని కూడా "బీరపాదుకి పట్టిన పసుప్పురుగు" అని నలిపి చంపేవాళ్ళని నా కళ్ళతో చూశాను. చంపి, చేతులు కడుక్కుని, ఆ తెల్లబూడిదని మాత్రం "ఎండకి పాలిపోయింది" అన్నారు!

ఇంతకీ నన్నేం చెయ్యమంటావని అడుగుతారా? మందు సీసా ముట్టుకునే ముందు ఆకు తిరగెయ్యండి. ఇంట్లో భూతద్దం లేకపోతే సెల్‌ఫోను కెమెరా ఉంది, దాన్ని పెద్దది చేసి చూడండి. పురుగు ఆకుని కొరికిందా, ఆకు మీది పొడిని తింటోందా? చిల్లులున్నాయా, ముడతలున్నాయా, లేక తుడిచిన పొక్కులున్నాయా? తుడిచిన పొక్కులు కనిపిస్తే ఆ ఆకు జోలికి పోకండి. బాగా తుప్పుపట్టి, పురుగు లేని ఆకులు మాత్రం తుంచి దూరంగా పారెయ్యండి. కొమ్మలు కిక్కిరిస్తే కాస్త తగ్గించి గాలి తగలనివ్వండి. సాయంత్రాలు ఆకుల మీద నీళ్ళు పొయ్యకండి, పొద్దున్నే మొదట్లో పొయ్యండి. తుప్పుకి కావలసింది ఆకు మీద నిలిచే తడి. అది లేకపోతే సగం పొగరు దానంతట అదే అణుగుతుంది. అంతకీ తగ్గకపోతే శిలీంధ్రానికి వేసే మందు వేరే ఉంది. ఏ మొక్కకి ఎంతో తెలిసినవాళ్ళని అడిగి, కాయ కోతకి ఎన్నాళ్ళు ఆగాలో మనవడిచేత చదివించుకుని మరీ వాడండి. సబ్బునీళ్ళయితే ఫరవాలేదు గదా అనకండి. మెత్తటి ఒంటి పురుగుకి సబ్బునీళ్ళూ యమపాశమే.

పేరు మాట మీరూ ఆలోచించండి. మావారు "తుప్పుతిండి ఈగ" అన్నారు. బొత్తిగా ఇనపసామాన్ల కొట్టులా ఉంది. మా అమ్మాయి "కుంకుమీగ" అంది. నాకు అదే నచ్చింది.

పక్కవాటా పిన్నిగారు మొన్న మళ్ళీ పిలిచారు. కొత్తగా పెట్టిన పాదుకి మళ్ళీ తుప్పొచ్చింది. నాలుగు ఆకుల మీద పురుగులూ వచ్చాయి. ఈసారి సీసా తియ్యలేదు, నా మీద నమ్మకంతో కాదు, సీసాలో మందు అయిపోయి. వారానికి పురుగులు కనిపించడం మానేశాయి. "ఏవే నీ చుట్టాలు? ఎక్కడికి పోయాయి?" అన్నారు.

తిండి ముగిశాక ఈ వంశంలో చాలా జాతులు మట్టిలోకి దిగి గూడు కట్టుకుంటాయి. ఈగై లేచేదాకా అక్కడే పడుకుంటాయి. అందుకని ఆ తొట్టిలో మట్టి తవ్వవద్దనీ, గుళికల మందు చల్లవద్దనీ చెప్పాను. ఆవిడ తొట్టికేసి అనుమానంగా చూసి, "సరే, ఎన్నాళ్ళు?" అన్నారు.